పది అడుగులు, ఒక బకెట్టు

మా విమానాల మైదానంలో ఎవరినడిగినా చెబుతారు, మొదటిసారి ఒంటరిగా విమానం నడిపి దిగినవాళ్ళకు అసలు సర్టిఫికెట్టు ఇచ్చేది కెప్టెన్ గారు కాదు, క్యాంటీన్ అత్తయ్య అని. కెప్టెన్ గారు ఇచ్చేది కాగితం. అత్తయ్య ఇచ్చేది నెత్తి మీద బకెట్టెడు నీళ్ళు. కాగితం పోగొట్టుకుని నా దగ్గరకొచ్చి నకలు అడిగినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నీళ్ళు మరిచిపోయినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

మైదానమంటే పెద్దదేమీ కాదు. ఒక రన్‌వే, నాలుగు చిన్న విమానాలు, వాటికో రేకుల షెడ్డు, రెండు గదుల ఆఫీసు, ఆ ఆఫీసులో నేను. నేను కూడా విమానం నేర్చుకుందామనే వచ్చాను, ముప్ఫై ఏళ్ళ కిందట. మూడో పాఠంలో కెప్టెన్ గారి ఒళ్ళో వాంతి చేసుకున్నాను. ఆయన మర్యాదస్తుడు కాబట్టి ప్యాంటు తుడుచుకుంటూ, "నీ చేతిరాత బాగుందయ్యా, ఆఫీసు చూసుకోరాదూ?" అన్నారు. అప్పటినుంచీ నేల మీదే ఉన్నాను. పిల్లలు నన్ను ఫైళ్ళ బాబాయ్ అంటారు. నా వెనకాల ఇంకేమంటారో కూడా నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను.

అత్తయ్య వచ్చింది నా తరవాత నాలుగేళ్ళకు. అత్తయ్య అనేది పిల్లల పిలుపు, నాకు మాత్రం అక్క. ఆమె భర్త మా షెడ్డులో మెకానిక్కు. ఒకరోజు ఆయన అన్నం డబ్బా ఇంట్లో మరిచిపోతే ఇవ్వడానికి వచ్చింది. వచ్చి నాలుగు వైపులా చూసి, "ఇంతమంది మగాళ్ళున్నారు, ఒక గ్లాసు మంచి టీకి దిక్కులేదా ఇక్కడ?" అని మా అందరి మొహం మీదే అడిగేసింది. వారం తిరక్కముందే షెడ్డు పక్కన పొయ్యి వెలిగింది. ఆ మెకానిక్కు ఇప్పుడు రిటైరయి ఇంట్లో పాత రేడియోలు విప్పి మళ్ళీ బిగిస్తుంటాడు. బిగించిన ప్రతిసారీ రెండు మరలు మిగులుతాయట. "ఇన్నేళ్ళు విమానాలెలా బిగించాడో, తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె దడే" అంటుంది అత్తయ్య.

నీళ్ళ సంగతి మొదలైంది పొయ్యి పెట్టిన మూడో నెలలో. ఒక శిక్షణార్థి, బక్కపలచగా ఉండే లెక్కల మాస్టారు, మొదటిసారి ఒంటరిగా ఎగిరి చక్కగా దిగాడు. విమానంలోంచి బయటికొచ్చి నవ్వుతూ నడిచాడు. సరిగ్గా పదో అడుగులో కళ్ళు తేలేసి పడిపోయాడు. మేమందరం నోరెళ్ళబెట్టుకుని నిలబడ్డాం. అత్తయ్య ఆ పక్కనే గ్లాసులు కడుగుతోంది. ఆ బకెట్టే ఎత్తుకుని పరిగెత్తి, సబ్బు నురగ, టీ పొడి, ఒక చెంచాతో సహా ఆయన మొహాన కుమ్మరించింది. మాస్టారు లేచి కూర్చుని, "నేను దిగానా?" అన్నాడు.

"దిగావు నాయనా, నువ్వే దిగావు" అంది అత్తయ్య.

అది విని ఆయన నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. తరవాతి వారం ఎగిరి దిగిన అమ్మాయి విమానం పక్కనే నిలబడిపోయి, "నాకు నీళ్ళు లేవా?" అని బుంగమూతి పెట్టింది. అంతే, అది ఆచారమైపోయింది. మాస్టారు పడింది పదో అడుగులో కాబట్టి పదడుగుల్లోపే తడవాలి. పదకొండో అడుగు పొడికాళ్ళతో వేస్తే ఆ ఎగరడం ఎగరడమే కాదు. ఈ నియమం ఎవరూ రాయలేదు, ఎవరూ తప్పలేదు. ఒకసారి అత్తయ్య సరుకులకు బజారుకెళ్ళిందని తెలిసి, ఒక పెద్దమనిషి తొమ్మిదడుగులు వేసి ఎండలో ముప్పావుగంట అలాగే నిలబడ్డాడు. ఆయన పెద్ద కంపెనీలో మేనేజరు. ఆమె రాగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

అలా ఇరవై ఆరేళ్ళు గడిచాయి. అప్పుడొచ్చింది పైనుంచి ఒక కట్ట, నూట పన్నెండు పేజీలు. పెద్ద విమానాశ్రయాలకు రాసిన భద్రతా నిబంధనలు ఇకమీదట చిన్న మైదానాలకూ వర్తిస్తాయని. నేను వాటిని తప్పుపట్టను. ఎక్కడో ఎవరికో జరగరానిది జరిగితేనే అలాంటివి రాస్తారు. కాకపోతే అన్నయ్య చొక్కా చంటివాడికి తొడిగితే ఎలా ఉంటుందో మా పని అలా అయింది. భద్రతాధికారి ఒకరుండాలన్నారు. జీతానికి ఎవరూ రారు కనక ఆ టోపీ నా నెత్తిన పెట్టారు. లోపలికొచ్చే ప్రతివారి సంచీ భద్రతాధికారి చూసి సంతకం చేయాలి. రోజూ పొద్దున నా సంచీ నేనే తెరిచి, నేనే చూసి, చూపించినవాడి దగ్గర ఒక సంతకం, చూసినవాడి దగ్గర ఇంకో సంతకం పెట్టేవాణ్ణి. ఒకరోజు సంచీలో గొడుగు ఉందని నన్ను నేనే రెండు నిమిషాలు ఆపాను. నవ్వకండి, నిబంధన అలాగే ఉంది.

మైదానం చుట్టూ మనిషికి ఒకటిన్నర రెట్ల ఎత్తున ఇనుప వల కంచె లేచింది. వల కన్నాల్లో రెండు వేళ్ళు పడతాయి, చెయ్యి పట్టదు. ఒకే గేటు, అక్కడ పాసు, బీప్‌మనే కర్ర. కెప్టెన్ గారి మోకాలిలో స్టీలు ముక్క ఉంది కాబట్టి ఆయన వచ్చినప్పుడల్లా కర్ర గోల పెట్టేది. టీకి బయటికెళ్ళి మళ్ళీ లోపలికొస్తే మళ్ళీ గోల. విసిగిపోయి ఆయన ఒకేసారి మూడు గ్లాసులు తాగి రావడం మొదలుపెట్టారు.

టీకి బయటికెందుకంటే, క్యాంటీన్ కంచె అవతల పడింది. విమానాల వైపు పనిలేనివాళ్ళు లోపల ఉండకూడదట. అత్తయ్యకు రోడ్డు పక్కన ఒక గది ఇచ్చారు, దాని వెనక గోడ కంచెకు ఆనుకునే ఉంది. గది బాగుంది, కొళాయి కూడా ఉంది. బేరం కూడా పెరిగింది. కానీ విమానాలు నిలిపే చోటు అక్కడికి అరవై మీటర్లు. ఆ నెల ఇద్దరు పిల్లలు ఒంటరిగా ఎగిరి దిగారు. అత్తయ్య బకెట్టు పట్టుకుని కంచె అవతల నిలబడింది, వాళ్ళు ఇవతల నిలబడ్డారు. చివరికి ఇద్దరూ గేటు దగ్గర రిజిస్టర్లో సంతకాలు పెట్టి, బయటికొచ్చి, వంగి తల చూపించారు. ఆమె పోసింది. పోసిందే గానీ, "చల్లారిన టీ తాగించినట్టుంది తమ్ముడూ" అని గిన్నెలు సర్దుకుంది. ఆ రోజు నాకు ఆ టోపీ తీసి ఆ పొయ్యిలోనే పడేద్దామనిపించింది.

అసలు చిక్కు కోడలితో వచ్చింది.

అత్తయ్య కొడుకు కరెంటు పనిచేస్తాడు. పెళ్ళయిన కొత్తలో కోడలు క్యాంటీన్‌లో సాయం చేసేది. పొట్టిగా, గబగబా నడిచే పిల్ల. విమానం లేస్తే చాలు, టీ గ్లాసులో కాకుండా బల్ల మీద పోసేది. ఒకరోజు ఒక మనిషి ప్యాంటు మీద పోసింది. అత్తయ్య కేటిల్ లాక్కుని, "కళ్ళు ఆకాశంలో, చేతులు ఇక్కడ. ఇలాగైతే నా కొట్టు మునుగుతుంది. పో, అదేదో నేర్చుకుని రా" అంది. ఆ పిల్ల నిజంగానే వచ్చి నా ముందు నిలబడింది. మైదానంలో ఉద్యోగం చేసేవాళ్ళకు పాఠాలు ఉచితం కాబట్టి రేడియో బల్ల దగ్గర పనిలో పెట్టుకున్నాం. రెండేళ్ళలో ఆ పిల్ల గాలిలో విమానాన్ని ఎంత నెమ్మదిగా తిప్పేదంటే, పక్కన కూర్చున్న కెప్టెన్ గారు కునుకు తీసేవారు. నన్ను కూడా రమ్మంది. నేను నా ప్యాంటు మీద, ఆమె ప్యాంటు మీద గౌరవంతో వద్దన్నాను.

ఇంకో రెండు నెలల్లో ఒంటరిగా పంపిస్తానని కెప్టెన్ గారు చెప్పారు. ఆ సాయంత్రం అత్తయ్య గేటు దగ్గరకొచ్చింది.

"తమ్ముడూ, నూట ఎనభై ఏడుగురి మీద పోశాను. అందరూ ఊళ్ళోవాళ్ళ పిల్లలు. నా ఇంటి పిల్ల దిగిన రోజు నేను కంచె పట్టుకుని సినిమా చూసినట్టు చూడాలా?"

"అక్కా, నిబంధన..."

"నిబంధన నిన్ను నీళ్ళు పోయొద్దందా? నువ్వు పోస్తావా మరి?"

"నేనా? నేను పోస్తే అది వేరే..."

"ఆఁ. అదే నేనూ చెప్పేది."

కోడలు అప్పుడు నా వెనకే ఉంది. "బాబాయ్, అత్తయ్యే పోయాలి. ఇంకెవరు పోసినా నేను విమానంలోంచి దిగను" అంది. ఎగరడానికి లేని మొండితనం దిగడానికి వచ్చింది. కోడలి నెత్తిన నీళ్ళు కుమ్మరించాలని అత్తకు, కుమ్మరించుకోవాలని కోడలికి ఇంత పట్టుదల ఉన్న ఇల్లు నేనింకొకటి చూడలేదు. నాకు ముచ్చటేసింది, భయమూ వేసింది.

పాసు కోసం దరఖాస్తు పెట్టాను. 'లోపలికి రావలసిన కారణం' అన్న గడిలో, నాకు అబద్ధం రాదు కాబట్టి, 'శిక్షణార్థుల తలపై నీళ్ళు కుమ్మరించుటకు' అని గుండ్రంగా రాశాను. మూడు వారాలకు జవాబొచ్చింది, ఇటువంటి పని ఏ జాబితాలోనూ లేదని. రెండోసారి కాస్త తెలివి తెచ్చుకుని 'నీటి సరఫరా' అని రాశాను. మూత తీయని సీసాల్లో అయితే అనుమతిస్తామన్నారు, సీసాకు ఒక లీటరు మించకుండా. అది చదివి వినిపిస్తే అత్తయ్య కడుపు పట్టుకుని నవ్వింది.

"మూత తీయకుండా నెత్తిన కొట్టమంటారా ఏంటి?"

నవ్వడమైతే నవ్వింది. కానీ గిన్నెలు ఆ రోజు మామూలు కంటే గట్టిగా మోగాయి. ఆ పిల్ల ఒంటరిగా ఎగిరే రోజు ఇంకో పది రోజుల్లోకి వచ్చేసింది.

దారి చూపించింది నా చెప్పులు. రోజూ సాయంత్రం కంచె వెంబడి ఒక చుట్టు నడిచి, వల ఎక్కడా తెగలేదని రాసుకోవడం నా పని. క్యాంటీన్ వెనక్కి వచ్చేసరికి అత్తయ్య అవతల వైపు గ్లాసులు కడిగిన నీళ్ళు విసిరింది. వలలోంచి నీళ్ళు జల్లున ఇవతలికొచ్చి నా కాళ్ళు, చెప్పులు, ప్యాంటు అంచులు తడిపేశాయి.

"చూసుకోవద్దా అక్కా! కొత్త చెప్పులు!" అని అరిచాను.

ఆమె నన్ను చూడటం లేదు. వలనే చూస్తోంది. నేను కూడా చూశాను. రెండు నెలల నుంచి దరఖాస్తులు రాశాను, నూట పన్నెండు పేజీలు రెండుసార్లు చదివాను, రోజుకో చుట్టు ఈ కంచె పక్కనే తిరిగాను. ఇది వల అన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

"తమ్ముడూ" అంది నెమ్మదిగా, "మనిషి రాకూడదు, సంచీ రాకూడదు, అంతేనా?"

నేను ఆఫీసుకు పరిగెత్తాను. కంచె మీదుగా ఏ వస్తువూ విసరకూడదని ఉంది. కంచె కిందుగా ఏదీ తోయకూడదని ఉంది. వల కన్నాల్లోంచి పోయే నీళ్ళ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. మర్నాడు నెలవారీ తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరును విమానాన్ని కంచె దాకా తెచ్చి వలలోంచి నీళ్ళు పోయొచ్చా అని ధైర్యం చేసి అడిగేశాను. ఆయన ఎప్పుడూ మొహం గంటు పెట్టుకుని ఉండే మనిషి, మాటకు ముందు కళ్ళజోడు తుడుచుకుంటారు. అంతా విని, తుడుచుకుని, పుస్తకం తిరగేసి, ఆకాశం వైపు చూశారు.

"వాన పడితే మీ కంచె ఆపుతుందా?"

"ఆపదండి."

"వానకు పాసు ఇస్తున్నారా?"

"లేదండి."

"మరి నన్నెందుకండీ అడుగుతారు?" అన్నారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "విమానం మాత్రం కంచెకు పది మీటర్ల దూరంలో ఆగాలి. అంగుళం తగ్గినా నేనొప్పుకోను. ఏ రోజు ఆ కార్యక్రమం?" అని అడిగారు.

పది మీటర్లు, పదడుగులు. అడుగుకో మీటరు వేస్తే సరిపోతుంది. కోడలు వేసే అడుగు అరమీటరు ఉంటుందేమో. ఇక చూడాలి ఆ వారం రోజులూ. క్యాంటీన్ ముందు నేల మీద సుద్దతో మీటరుకో గీత గీశాం. రేడియో పని అయ్యాక అత్తయ్యకు సాయంగా టీ అందించడానికి వెళ్ళినా, గ్లాసులు తేవడానికి వెళ్ళినా ఆ పిల్ల గీత మీంచి గీత మీదికే కాళ్ళు చాచి నడిచేది. రోడ్డున పోయేవాళ్ళు ముక్కున వేలేసుకుని చూసేవాళ్ళు. ఇంట్లో వంటగదిలోనూ అలాగే నడుస్తోందని, వెనకాల మావగారు కూడా సరదాకి అలాగే నడుస్తున్నాడని అత్తయ్య చెప్పింది. "ఇల్లంతా కొంగల గుంపులా ఉంది" అని మురిసిపోయింది. ఏడో రోజుకు ఆ పిల్ల పది మీటర్లు సరిగ్గా పది అడుగుల్లో నడిచేసింది.

నేను టేపు తీసుకుని కంచె నుంచి పది మీటర్లు కొలిచి, నేల మీద ఎర్ర గీత కొట్టాను. విమానం ముక్కు ఈ గీత దాటకుండా ఆగాలని కెప్టెన్ గారికి చూపించాను. నా కొలతలో తప్పు ఉండదని అందరికీ నమ్మకం. నాకూ అదే నమ్మకం.

ఆ రోజు ఎండ హాయిగా ఉంది, గాలి లేదు. షెడ్డు వాళ్ళు, పిల్లలు, కెప్టెన్ గారు కంచె ఇవతల ఉన్నారు. అవతల అత్తయ్య, కొడుకు, మెకానిక్కు మావగారు, టీ తాగడానికొచ్చినవాళ్ళు. ఇన్‌స్పెక్టరు కూడా వచ్చారు, తనిఖీ అని చెప్పుకున్నారు గానీ ఆ రోజు తనిఖీ ఏమీ లేదు. అత్తయ్య పాత బకెట్టే తెచ్చింది, అంచు సొట్టపోయినది. నిండా నీళ్ళు. కోడలు పైకి లేచినప్పటి నుంచి ఆమె ఆ బకెట్టు కింద పెట్టలేదు. విమానం ఒక చుట్టు తిరిగింది, రెండు తిరిగింది, మూడోసారి కిందికొచ్చి నేలను తాకింది. ఎంత మెత్తగా తాకిందంటే కెప్టెన్ గారు కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందన్నారు. గాలి లేని రోజు దుమ్మెక్కడిదో నేనడగలేదు.

విమానం నెమ్మదిగా వచ్చి, ముక్కు కంచె వైపు పెట్టి, ఎర్ర గీత దగ్గర వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగింది. ఇంజను ఆగింది. తలుపు తెరుచుకుంది.

అప్పుడు తెలిసొచ్చింది నా పొరపాటు. నేను కొలిచింది విమానం ముక్కు దాకా. మనిషి ముక్కులోంచి దిగదు కదా! తలుపు ముక్కుకు రెండు మీటర్లు వెనక ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ విమానాల తలుపులు లెక్కపెడుతున్నవాణ్ణి నేను. పదడుగులు వేస్తే ఆ పిల్ల కంచెకు రెండు మీటర్ల దూరంలో ఆగిపోతుంది.

నోరు తెరిచేలోపే కోడలు దిగేసింది. అందరూ ఒక్క గొంతుతో లెక్కపెడుతున్నారు. "ఒకటి! రెండు! మూడు!" ఆ పిల్ల కాళ్ళు చాచి వస్తోంది, మొహం నిండా నవ్వు. "ఆరు! ఏడు!" ఇన్‌స్పెక్టరు గొంతు కూడా వినిపించింది. "తొమ్మిది! పది!"

"ఆగు!" అని నేను అరిచాను, "అడుగు వెయ్యకు!"

పదకొండో అడుగుకు లేపిన కాలు లేపినట్టే ఉండిపోయింది. రెండు చేతులూ చాచి, ఒంటికాలి మీద, కంచెకు రెండు మీటర్ల దూరంలో ఆ పిల్ల ఊగుతోంది. అటు అడుగు వేస్తే ఆచారం పోతుంది, ఇటు కంచె కదలదు.

"అత్తయ్యా, తొందరగా! పడిపోతున్నా!"

అత్తయ్య రెండడుగులు వెనక్కి వేసింది. బకెట్టును నడుం దాకా లేపి, ఇరవై ఆరేళ్ళ చేతి నేర్పంతా పెట్టి ఒక్క విసురు విసిరింది. నీళ్ళు వలకు తగిలి వెయ్యి ముక్కలై ఇవతలికి ఎగిశాయి. ఎండలో ఒక్క క్షణం రంగులు కూడా కనిపించాయి. కోడలి నెత్తి, మొహం, భుజాలు తడిసి ముద్దయ్యాయి. అప్పుడే ఆ పిల్ల కాలు కింద పెట్టింది, తడి కాలు. పరిగెత్తుకొచ్చి వలకు మొహం ఆనించింది. వల కన్నాల్లోంచి రెండు వేళ్ళు అవతలికి పెట్టింది, అత్తయ్య ఆ రెండు వేళ్ళూ పట్టుకుంది. ఇద్దరూ నవ్వుతూనే ఏడుస్తున్నారు.

"నేను దిగానా అత్తయ్యా?"

"దిగావు తల్లీ. నువ్వే దిగావు."

ఆ కేకలు, చప్పట్ల మధ్య నాకు చలేసింది. చూసుకుంటే నేను టేపు పట్టుకుని సరిగ్గా ఆ రెండు మీటర్ల మధ్యలో నిలబడి ఉన్నాను. బకెట్టులో సగం నీళ్ళు నామీదే పడ్డాయి. చొక్కా, టోపీ, చెవులు, అన్నీ కారుతున్నాయి. జనం నన్ను చూసి పడీ పడీ నవ్వారు. ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తుడుచుకుంటూ నవ్వడం మొదటిసారి చూశాను.

అత్తయ్య వల దగ్గరికొచ్చి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఈ మైదానంలో ఇన్నేళ్ళుగా పొడిగా మిగిలింది నువ్వొక్కడివే తమ్ముడూ. నాకదొక వెలితిగానే ఉండేది."

"నేను ఎగరలేదు కదక్కా" అన్నాను.

"ఎగరనివాళ్ళకు పోయకూడదని ఎవరన్నారు? నీ నూట పన్నెండు పేజీల్లో ఉందా?"

లేదు. నాకు బాగా తెలుసు, లేదు.

ఆ సాయంత్రం రిజిస్టరు తీశాను. 'నేడు కంచె లోపలికి వచ్చిన వస్తువులు' అన్న గడిలో 'నీళ్ళు, ఒక బకెట్టు' అని రాశాను. 'తనిఖీ చేసినవారు' అన్నచోట సంతకం పెడుతుంటే జుట్టులోంచి ఒక చుక్క జారి సిరా మీద పడింది. దాన్ని తుడవలేదు, అలాగే ఆరనిచ్చాను.